బోన్సాయ్: శైలి నియమాలు, పెంచేవారి మనసు

నేలలో వదిలేస్తే ఆకాశాన్ని కప్పేసే చింతనో మర్రినో లోతులేని పల్లెంలో అడుగున్నర ఎత్తులో నిలిపి, చూసినవాళ్లకు ముసలి మానును చూసినట్టే అనిపించేలా తీర్చే కళ బోన్సాయ్. తెలుగులో వామన వృక్షమనీ, మరుగుజ్జు చెట్టనీ కూడా అంటారు. నిజానికి ఆ చెట్టు విత్తనంలో మరుగుజ్జుతనమేమీ ఉండదు. పల్లెంలోంచి తీసి పొలం గట్టున నాటితే మామూలు మానుగానే పెరుగుతుంది. వేళ్లూ కొమ్మలూ ఎప్పటికప్పుడు కత్తిరించడం, మట్టిని కొలిచి ఇవ్వడం, తీగ చుట్టి వంచడం, ఈ పనులతోనే అది చిన్నగా ఉంటుంది. ఇలా పెంచితే ఆకు చిన్నదవుతుంది కానీ పువ్వూ కాయా చిన్నవి కావు. బోన్సాయ్ దానిమ్మకు కాసిన కాయ, కొమ్మ మోయలేనంత పెద్దగా కనిపించేది అందుకే.

ఈ కళకు జపాన్‌లో కొన్ని కొలతలు స్థిరపడ్డాయి. పెంచేవారి ఇష్టం, జ్ఞాపకం, భక్తి ఆ కొలతలతో ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ పేచీ పడతాయి అన్న వాదం బోన్సాయ్ పెంచేవాళ్ల మధ్య ఎన్నడూ తెగలేదు. సూర్యాపేట జిల్లా మోతె, కోదాడ, పక్కనున్న నల్గొండ జిల్లా మిర్యాలగూడ ప్రాంతాల్లో ఆ వాదానికి ఇంకో మెలిక ఉంది. నియమాలు మంచు కురిసే కొండల మీది పైన్ చెట్లను చూసి పుట్టాయి. ఇక్కడ పొద్దున లేస్తే కంటపడేవి చింత, వేప, తుమ్మ, తాడి.

నియమాలు వచ్చిన దారి

చైనాలో టాంగ్ రాజకుమారుడు లీ షియాన్ సమాధి గోడ మీద, పళ్లెంలో చిన్న మొక్కలూ రాళ్లూ పట్టుకున్న పరిచారకుల చిత్రం ఉంది. ఆ సమాధి కాలం క్రీ.శ. 706. చైనావాళ్లు ఈ కళను పెంజింగ్ అంటారు. అందులో చెట్టుతోపాటు కొండ, నీరు, ఒక్కోసారి మట్టితో చేసిన చిన్న మనుషుల బొమ్మలు కూడా ఉంటాయి. జపాన్‌లో 1309 నాటి కసుగా గొంగెన్ చిత్రపటంలో తొట్టెల్లో చెట్లు కనిపిస్తాయి. బొమ్మలనూ దృశ్యాన్నీ పక్కన పెట్టి ఒక్క చెట్టు మీదే చూపు నిలపడం జపాన్ చేర్చిన మార్పు. 1923 కాంటో భూకంపం తర్వాత టోక్యో పెంపకందార్లు ఊరు వదిలి 1925లో ఒమియా దగ్గర బోన్సాయ్ గ్రామం కట్టుకున్నారు. 1934లో కొకుఫు ప్రదర్శన మొదలైంది. అక్కడ మెప్పు పొందిన చెట్టే మిగతావారికి కొలబద్ద అయింది.

ఇన్ని అంగుళాలు, ఇన్నో వంతు అన్న లెక్కలు బయటి ప్రపంచానికి పాఠంగా చేరింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే. 1957లో యుజి యోషిమురా, జొవానా హాల్ఫర్డ్ కలిసి రాసిన పుస్తకం, 1973లో జాన్ నాకా పుస్తకం ఇంగ్లిషు చదివేవాళ్లకు బడి పుస్తకాల్లా పనిచేశాయి. గురువు దగ్గర పదేళ్లు నీళ్లు పోస్తూ చూసి నేర్చుకునే విద్యను దూరంగా ఉన్నవాళ్లకు చెప్పాలంటే లెక్కలుగా విడగొట్టక తప్పదు. ఆ లెక్కలే తర్వాత శాసనాలై కూర్చున్నాయి. మన దేశానికి కూడా బోన్సాయ్ ఎక్కువగా ఈ పుస్తకాల దారినే వచ్చింది. ముంబయిలో ఇండో-జపనీస్ అసోసియేషన్ కింద నికుంజ్, జ్యోతి పారేఖ్ దంపతులు నడిపిన అధ్యయన బృందం దాన్ని మన వేడికీ మన చెట్లకూ అలవాటు చేసిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది. పూర్వం మన వైద్యులు మూలికా వృక్షాలను కుండీల్లో చిన్నగా పెంచేవారనీ, వామన వృక్షకళ ఇక్కడిదేననీ చెప్పేవాళ్లు ఉన్నారు. అది గర్వంగా చెప్పుకునే మాటే గానీ, చైనా సమాధి చిత్రం లాంటి ఆధారం దానికి ఎవరూ చూపలేదు.

కొలతలు

కాండం నడకను బట్టి శైలులకు పేర్లు పెట్టారు. నిటారుగా నిలిచేది చొక్కాన్, మెలికలు తిరుగుతూ పైకి పోయేది మోయోగి, ఒక పక్కకు వాలేది షాకన్, కుండీ అంచు దాటి కిందికి జారేది కెంగాయ్, సగం జారి ఆగేది హాన్ కెంగాయ్. ఈ ఐదూ మూలశైలులు. చీపురు, గాలివాటు, రాతిని పట్టుకున్న వేళ్లు, వనం వంటివి వీటికి తోడు.

ఏ శైలికైనా వర్తించే కొలతలు కొన్ని ఉన్నాయి. చెట్టు ఎత్తు, మొదలు లావుకు ఆరు రెట్ల దగ్గర ఉండాలి. మొదటి కొమ్మ ఎత్తులో మూడో వంతు దగ్గర మొదలు కావాలి. రెండోది అటు పక్క, మూడోది వెనక. చూసేవాడి కంటిలోకి పొడుచుకొచ్చే కొమ్మ ఉండకూడదు. ఒకే ఎత్తులో ఎదురెదురుగా రెండు కొమ్మలు ఉండకూడదు. వేళ్లు మొదలు చుట్టూ సమంగా పరుచుకోవాలి. దీన్ని నెబారి అంటారు. పల్లెం లోతు కాండం లావుకు సమానం, పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు. వనంలో చెట్లు బేసి సంఖ్యలో ఉండాలి.

వీటన్నిటికీ దూరంగా బుంజింగి అనే శైలి ఉంది. చైనా పండితుల సిరా చిత్రాల నుంచి వచ్చింది. సన్నటి పొడుగాటి కాండం, కొసన నాలుగు కొమ్మలు, చిన్న గుండ్రటి కుండీ. పై కొలతల్లో ఒక్కటీ దానికి సరిపోదు. అయినా అనుభవం ముదిరినవాళ్లే దాని జోలికి పోతారు. అందులో దాచుకోవడానికి ఆకు గుబురు ఉండదు. కాండం నడకలో అర్థం లేకపోతే అది ఎండ అందక సాగిన బలహీనపు మొక్కలా మిగిలిపోతుంది.

ఏవి చెట్టువి, ఏవి దేశానివి

పై జాబితాను ఒకే ముద్దగా చూడడం దగ్గరే చాలామంది తడబడతారు. అందులో కొన్ని నియమాలు చెట్టు ఒంటి నుంచి వచ్చినవి, కొన్ని ఆ దేశపు చూపు నుంచి వచ్చినవి. ఒకే ఎత్తులో రెండు మూడు కొమ్మలు ఉంటే అక్కడికి చేరే ఆహారం వల్ల కాండం ఉబ్బుతుంది; కింద సన్నగా పైన లావుగా తయారవుతుంది. ఒకసారి ఉబ్బాక సరిచేయాలంటే కోసేయడం ఒక్కటే దారి. ఇది అభిరుచికి సంబంధించిన సంగతి కాదు, జపాన్‌లోనైనా మోతెలోనైనా జరిగేదే. చెట్టు బలమంతా కొసకు పరిగెత్తడం కూడా అలాంటిదే. పైభాగాన్ని గట్టిగా కత్తిరించకపోతే కింది కొమ్మలకు ఎండ అందక ముందు ఆకులు, తర్వాత కొమ్మలే పోతాయి. పోయిన కింది కొమ్మ మళ్లీ అక్కడే వస్తుందన్న నమ్మకం లేదు.

కొమ్మలు కిందికి వంగి ఉండాలన్న నియమం వేరే జాతిది. పైన్ కొమ్మ మీద ఏటా మంచు పేరుకుంటుంది, ఆ బరువుకు ముసలి కొమ్మ వాలుతుంది, వాలితే వయసు కనిపిస్తుంది. రావికి మంచు తెలియదు. దాని కొమ్మలు ముసలితనంలోనూ పైకే లేస్తాయి. రావికి తీగ చుట్టి కొమ్మలన్నీ కిందికి లాగితే వచ్చేది ముసలి రావి కాదు, పైన్ వేషం కట్టిన రావి. నర్సరీల్లో దొరికే వంకర కాండపు ఫైకస్ మొక్కలదీ ఇదే కథ. కాండం రెండు మెలికలు తిప్పి, మెలిక మెలికకు ఒక గుండ్రటి ఆకుల బంతి పెట్టి వరసగా తయారుచేస్తారు. ఏ ఊళ్లోనూ అలాంటి చెట్టు ఉండదు. కొలతల లెక్కన చూస్తే మాత్రం అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఉండదు!

దేశానివైన నియమాలను మార్చుకోవడం కొత్తేమీ కాదు. దక్షిణ చైనా గ్వాంగ్‌డాంగ్‌లో లింగ్నాన్ వర్గం వారు తీగ చుట్టడం మానేసి, కొమ్మను పెరగనిచ్చి కోసి, మళ్లీ పెరగనిచ్చి కోసే పద్ధతి పట్టుకున్నారు. కోసిన ప్రతిచోటా కొమ్మ కోణం తిప్పుకుంటుంది. ఆ విరుపులతో కొమ్మకు సహజమైన నడక వస్తుంది. ఏడాది పొడవునా చిగురు వేసే వేడి దేశపు చెట్లకు అది బాగా కుదిరింది. దక్షిణాఫ్రికాలో చార్లెస్ సెరోనియో అక్కడి మైదానాల్లో గొడుగులా పరుచుకునే తుమ్మజాతి చెట్లను చూసి, ఆ దృశ్యాలను చిత్రించిన పియర్‌నీఫ్ పేరిట ఒక శైలినే ప్రతిపాదించాడు. యూరప్‌లో వాల్టర్ పాల్ చెట్టును బోన్సాయ్‌లా కాక చెట్టులా కనిపించనివ్వాలని వాదిస్తూ వచ్చాడు. వీళ్లెవరూ ఎండ అందని కొమ్మ బతుకుతుందని అనలేదు. చెట్టువైన నియమాలను తు.చ. తప్పకుండా పాటిస్తూనే, దేశానివైనవాటిని తమ నేలకు తగ్గట్టు తిరగరాసుకున్నారు.

మన శిల్పుల లెక్క కూడా ఇలాంటిదే. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన కాకతీయుల కాలపు ఆలయాలు ఉన్నాయి. ప్రతిమకు తలా మొండెమూ ఎంతెంత ఉండాలో తాళమానం చెప్పేసింది. స్తంభం మీది నర్తకి నడుము ఎటు విరగాలో మాత్రం ఉలి పట్టినవాడికి వదిలేసింది.

మన నేల చెట్లు

చింత ఈ ప్రాంతపు బోన్సాయ్‌కి మొదటి వరసలో నిలిచే చెట్టు. ఆకు పుట్టుకతోనే సన్నగా ఉంటుంది, బెరడు త్వరగా పగిలి ముసలితనం తెచ్చుకుంటుంది, ఎంత కోసినా మళ్లీ చిగురుస్తుంది. చిక్కు ఒక్కటే: కర్ర గట్టిది. పెన్సిలంత లావైన కొమ్మను తీగతో వంచబోతే టప్పున విరుగుతుంది. అందుకని పచ్చిగా ఉన్న రెమ్మకే తీగ చుట్టాలి, ముదిరినదాన్ని లింగ్నాన్ వారిలా కోతతోనే దారికి తేవాలి. వానాకాలంలో చుట్టిన తీగను వారం వారం చూసుకోవాలి; కొమ్మ లావెక్కి తీగ బెరడులోకి దిగితే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. ఊరి చింతను నిలబడి చూస్తే దాని కొమ్మలు ముందు పైకి లేచి, పక్కలకు పరుచుకుని, కొసల్లో మాత్రమే వేలాడతాయి. పైభాగం గోపురంలా గుండ్రంగా ఉంటుంది. ఆ రూపం పల్లెంలోకి రావాలంటే ముక్కోణపు పైన్ బొమ్మను మరిచిపోక తప్పదు.

మర్రికి మనవాళ్ల దగ్గర సొంత నమూనాలే ఉన్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మూడెకరాలకు పైగా పరుచుకున్న మాను; వయసు సుమారు ఏడు వందల ఏళ్లంటారు. చెదలు పట్టి కొమ్మ కూలితే 2018లో మందును సెలైన్ సీసాలతో ఎక్కించి కాపాడుకున్నారు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల దాకా వ్యాపించి 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఈ రెండింటిలో మొదటి మాను ఏదో, ఊడ ఏదో చెప్పడం కష్టం. ఒకే కాండం, ఒకే కొస అన్న జపాన్ లెక్కకు అవి లొంగవు. మన దేశంలో మర్రి శైలి అని వేరుగా పిలుస్తున్నది ఇలాంటి రూపాన్నే: ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ, కొమ్మలు నేలకు సమాంతరం, కింద ఊడల స్తంభాలు.

ఊడ రప్పించడం ఓపిక పని. శ్రావణ భాద్రపదాల్లో గాలి తేమగా ఉన్నప్పుడు కొమ్మ కింద ఎర్రటి మొనలు పొడుచుకొస్తాయి. మన ఎండల్లో అవి నేలను చేరకముందే ఎండిపోతాయి. అందుకని కూల్‌డ్రింక్ స్ట్రాను నిలువునా చీల్చి, తడి కోకోపీట్ నింపి, మొనను అందులోకి జొనిపి, రెండో కొసను మట్టిలో గుచ్చుతారు. స్ట్రా ఆరిపోకుండా చూసుకుంటే వేరు దాని వెంటే దిగుతుంది. మట్టి తాకాక లావెక్కడం మొదలవుతుంది. అప్పుడు స్ట్రా తీసేయొచ్చు. మర్రి, రావి, జువ్వి కోతకు పాలు కారుతాయి, గాయం త్వరగా పూడుతుంది, పక్కపక్క వేళ్లు అతుక్కుని ఒక్కటవుతాయి. కానీ వీటిలో చచ్చిన కర్ర నిలవదు. జునిపర్ మీద తెల్లటి ఎండు కొమ్మ అందం చూసి మర్రి కాండం చెక్కితే, రెండు వానలకు అది కుళ్లి గొయ్యి పడుతుంది.

రావితోనే అసలు గొడవ. ఆకు పెద్దది, తొడిమ పొడవు, కణుపుకు కణుపుకు ఎడం ఎక్కువ. ఆకులన్నీ దూసినా చెప్పుకోదగ్గంతగా చిన్నబడవు. కొలతలు పాటించేవాడు రావిని పక్కన పెట్టేస్తాడు. అయినా మన ఇళ్లలో బోన్సాయ్ అంటే ముందు గుర్తొచ్చేది రావే. పిట్టలు వేసిన గింజలు పాత గోడల పగుళ్లలో, బావి ఒరల్లో, మిద్దె నీళ్ల గొట్టాల పక్కన మొలుస్తాయి. గోడ పగలగొడుతుందని పీకేయాలి, రావిని పీకడానికి మనసొప్పదు. కుండీలోకి మార్చితే రెండు బాధలూ తీరతాయి. పీకేటప్పుడు తొలకరి కోసం ఆగడం మంచిది. ఆకులు తీసేసి, కాండాన్ని జానెడుకు కోసి, ఇటుకల సందులోంచి వేరును వీలైనంత పొడవుగా లాగి, పాలు కడిగి, ఇసుక ఎక్కువున్న మట్టిలో నీడన పెడితే కొన్ని వారాల్లో మొగ్గలు కనబడతాయి.

ఇలా వచ్చిన మొక్క వేళ్లు పగుల్లో నలిగి బల్లపరుపుగా, ఒక వైపే ఉంటాయి. నెబారి నియమం ప్రకారం అది లోపం. లోపం దాచాలంటే వేళ్లు కోసి అన్ని వైపులా మళ్లీ రప్పించాలి. లేదంటే ఆ చప్పిడి వేళ్లను అలాగే పాత ఇటుక మీద కూర్చోబెట్టి, రాతిని పట్టుకున్న శైలిలో పెంచవచ్చు. రెండో దారిలో గోడ జ్ఞాపకం మిగులుతుంది. చూడ్డానికి కూడా అదే బాగుంటుందని నా అభిప్రాయం. రాతి స్థానంలో ఇటుక వచ్చిందే గానీ, వేరు గట్టిగా పట్టుకుని దిగాలన్న నియమం చెక్కుచెదరలేదు.

తుమ్మ, సర్కారు తుమ్మ రోడ్డు పక్క ఎవరూ అడగని చెట్లు. మేకలు కొరికీ కట్టెలకు నరికీ వాటి మొదళ్లు ముడులు తిరిగి ఉంటాయి. అంత ముడి కుండీలో రావాలంటే ఒక తరం పడుతుంది. ఆఫ్రికా గొడుగు శైలి మన తుమ్మకు అచ్చంగా సరిపోతుంది. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మిని దసరా భక్తితో పెంచాలనుకునేవాళ్లు ఉంటారు. తల్లివేరు చాలా లోతుకు పోతుంది కాబట్టి పెద్ద మొక్కను తవ్వి తెస్తే బతకడం కష్టం. గింజ నుంచి మొదలుపెట్టి తల్లివేరును చిన్నప్పుడే కోస్తూ రావాలి. అడవి భూమిలో తవ్వుకురావడం నేరమని వేరే చెప్పనక్కర్లేదు.

మనసు చేసే మేలూ కీడూ

జపాన్ నో నాటకాల్లో హచి నో కి అనేది ఉంది. మంచు రాత్రి ఇంటికొచ్చిన సన్యాసికి చలి కాచడానికి, పేద సమురాయ్ ఒకడు తన దగ్గర మిగిలిన ప్లమ్, చెర్రీ, పైన్ మొక్కలు మూడూ పొయ్యిలో పెడతాడు. ఆ చెట్ల శైలి ఏమిటో మనకు అనవసరం. విలువంతా ఆయన వాటిని ప్రేమించడంలోనూ వదులుకోవడంలోనూ ఉంది. వాషింగ్టన్ జాతీయ బోన్సాయ్ మ్యూజియంలోని యమాకి పైన్ 1625 నుంచి కుండీలో ఉన్న చెట్టు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబు పడ్డప్పుడు గోడ చాటున ఉండి బతికింది, 1976లో అమెరికాకు కానుకగా వెళ్లింది. దాని బాంబు కథ మ్యూజియానికి 2001లో ఆ ఇంటి మనవలు వచ్చి చెప్పాకే తెలిసింది. అంటే పాతికేళ్లు అది కేవలం రూపబలంతో నిలబడింది. కథ తర్వాత చేరింది. ఈ వరస ముఖ్యం.

జాన్ నాకా చేసిన గోషిన్ కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. 1948లో రెండు జునిపర్లతో మొదలైన ఆ వనం, ఆయన మనవలూ మనవరాళ్లూ పెరిగేకొద్దీ పెరిగి పదకొండు చెట్లయింది. ఒక్కో చెట్టు ఒక్కో పిల్లకో పిల్లాడికో గుర్తు. 1984లో ఆయన దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. పదకొండు బేసి సంఖ్య కావడం అదృష్టమే. పుస్తకం రాసి నియమాలు నేర్పినవాడే తన గొప్ప పనిని తాతయ్య లెక్కన కట్టాడు. కానీ చెట్ల ఎత్తులు, మధ్య ఎడాలు, ముందు వెనకల లోతు ఎక్కడా మమకారానికి వదల్లేదు.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లే మైసూరు అవధూత దత్తపీఠంలో గణపతి సచ్చిదానంద స్వామి పెంచిన కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం మరో దారి. అక్కడ చెట్లను రాశులు, నక్షత్రాలు, స్వరాల ప్రకారం అమర్చారు. జపాన్ కొలబద్దతో చూస్తే ఈ అమరికకు అర్థం లేదు. తన రాశి చెట్టు ముందు నిలబడే భక్తుడికి ఆ కొలబద్దతో పనీ లేదు. 2016 డిసెంబరులో అక్కడ అంతర్జాతీయ సమ్మేళనం జరిగింది. రెండు చూపులూ ఒకే తోటలో కలిశాయి.

మనసు కీడు చేసేది ఎక్కువగా కోత దగ్గర. రెండేళ్లు సాకి పెంచిన కొస రెమ్మను కోయబుద్ధి కాదు. కొస బలపడుతుంది, కింది కొమ్మ నీడలో పడుతుంది, ఒకనాడు ఎండి చేతికొస్తుంది. ప్రేమతో పోయిన కొమ్మలు నిర్లక్ష్యంతో పోయినవాటికేం తీసిపోవు. నీళ్ల దగ్గరా అంతే. పైమట్టి తడిగా ఉన్నా జాలిపడి చెంబు వంచితే వేళ్లు కుళ్లుతాయి. చెట్టు కింద ఆవు బొమ్మ, గుడి బొమ్మ పెట్టడం మాత్రం నేరమేమీ కాదు. పెంజింగ్‌లో అది సంప్రదాయమే. బొమ్మ పరిమాణం చెట్టుతో కుదరాలి, లేకపోతే మర్రి కాస్తా తోటకూర కాడ అయిపోతుంది.

నమ్మకాల సంగతి వేరు. ఎదుగుదలను అణిచిన చెట్టు ఇంట్లో ఉంటే ఇంటివాళ్ల ఎదుగుదల ఆగుతుందని వాస్తు చెప్పేవాళ్లు అంటారు. మర్రీ రావీ ఇంటి ఆవరణలో వద్దనేవాళ్లూ ఉన్నారు. ఇల్లు పగలగొట్టే వేళ్లున్న చెట్ల విషయంలో అది తెలివైన జాగ్రత్తే. పల్లెంలోని మర్రికి ఆ భయం లేదు. అయినా ఇంట్లో పెద్దవాళ్లకు మనసులో తేడాగా ఉంటే చెట్టును డాబా మీదికి మార్చడం సులువు, చెట్టుకూ మేలు. బోన్సాయ్ ఎలాగూ గదిలో బతికేది కాదు, దానికి ఎండా గాలీ కావాలి.

మట్టి, పల్లెం, ఎండ

పుస్తకాలు చెప్పే అకడామా మట్టి జపాన్ నుంచి రావాలి. ఇక్కడ ఎర్రమట్టి, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే పని జరుగుతుంది. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊకను పూర్తిగా బూడిద కానీయకుండా నల్లబడేదాకా కాల్చి కలిపితే నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది. నల్లరేగడి మాత్రం పనికిరాదు. ఎండితే బిగుసుకుపోయి సన్న వేళ్లను తెంపుతుంది. వనం శైలికి పళ్లెమే అక్కర్లేదు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సున్నపురాయి పొరల నేల. అంచు విరిగిన చదును రాతి పలక మీద మట్టిగట్టు కట్టి చెట్లు నిలపవచ్చు.

పల్లెం లోతు నియమం దగ్గరే ఈ ప్రాంతపు ఎండ అడ్డుపడుతుంది. కాండమంత లోతున్న పల్లెం అంటే చిన్న చెట్టుకు రెండంగుళాల మట్టి. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలకు చేరే రోజున ఆ మట్టి మధ్యాహ్నానికే ఆరిపోతుంది, డాబా కాకకు పల్లెం అడుగు కూడా వేడెక్కుతుంది. అందుకని ఎండాకాలం వరకు చెట్టును లోతైన కుండీలో ఉంచడం, పల్లెంతో సహా ఇసుక తొట్టిలో కూర్చోబెట్టడం, మధ్యాహ్నపు ఎండకు గ్రీన్ నెట్ కట్టడం, ఉదయం సాయంత్రం రెండు పూటలా నీళ్లు పోయడం అవసరం. రోహిణి కార్తెలో వేళ్లు కదపకూడదు, ఆకులు దూయకూడదు. మృగశిర దాటి వానలు కుదురుకున్నాక వేళ్ల చుట్టులో మూడో వంతు కత్తిరించి చెట్టును పలచటి పల్లెంలోకి మార్చవచ్చు. ప్రదర్శనకు పెట్టేది ఉంటే ఆ పల్లెం వానాకాలం, చలికాలం అలాగే ఉంటుంది.